ఎల్మెరుప్ చావు కబురు

ఎవరైనా పోతే ముసలి ఎవాల్ట్ నల్లకోటు తొడుక్కుని బయల్దేరతాడు. జర్మనీలోని మా వెస్ట్‌ఫాలియా పల్లెల్లో చావు కబురు ఇంటింటికీ చెప్పడం పక్కింటివాళ్ల వంతు. కబురు చెప్పేటప్పుడు టోపీ తీయాలి, గడప దాటకూడదు, కాఫీ ముట్టకూడదు. పట్నం పెరుగుతూ వచ్చి ఎల్మెరుప్ ఊరిని కలిపేసుకున్నాక ఆ పేరు బస్‌స్టాప్ మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. రై ధాన్యం పండిన చేలల్లో నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. వాటి తలుపులు తెరుచుకోవు, గోడకు వాటాకొకటి చొప్పున బటన్లుంటాయి. ఎవాల్ట్ ఒక్కొక్కటే నొక్కి, మాట వినిపించే జాలీ ముందు టోపీ తీసి తల వంచుతాడు.

మొన్న హెడ్విగ్ పోయింది. పాత ఊరివాళ్లలో ఆయన కాక మిగిలిన ఆఖరి మనిషి.

"మిల్లువారి హెడ్విగ్ పోయింది. గురువారం పొద్దున సమాధి చేస్తారు."

"మాకేం వద్దండీ, ఏదీ కొనం," అంది జాలీ.

"అమ్మడానికి రాలేదు తల్లీ. చావు కబురు."

"ఆమెవరో మాకు తెలీదే."

"తెలియకపోయినా చెప్పాలి."

చెత్త సంచితో కిందికి దిగిన ఆయ్‌లిన్ ఇదంతా విని నిలబడిపోయింది. ఆయన ఇంటి కంచెను ఆనుకునే ఆమె వాటా.

"మరి మీరు పోతే ఎవరు చెబుతారు పెద్దాయనా?" నవ్వుతూ మొదలుపెట్టిన మాట నవ్వు లేకుండా ముగిసింది.

"పక్కిల్లు మీదేగా."

ఆమె సంచి కింద పెట్టింది. "ఎవరికి చెప్పాలి?"

ఎవాల్ట్ బటన్ల వరస వంక చూశాడు.

"అన్నీ నొక్కమ్మా," అన్నాడు.