కాలేజీ సార్లను గడప దాటించిన రోజు

ఒక్క అబద్ధంతో మనవరాలి చదువును ముంచబోయిన సంగతి చెప్తా. నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. యాభై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని. సిగ్గు అప్పుడే పలక మీదిదంతా తుడిచినట్లు తుడిచేసుకున్నా.

అక్షరాలు నేర్పింది మనవరాలు సుజాతే. దాని అమ్మానాయన కూలి పనికి బెంగుళూరు పోయినారు. కంబదూరు దగ్గర మా పల్లెలో మేమిద్దరమే. డిగ్రీ చదవాలని దాని పట్టు, చదివించాలని నా పట్టు. అయితే మా పక్క ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, శెనక్కాయ చేను మీద అడవి పందులు పడినట్లు పెండ్లి సంబంధాలోళ్లు పడతారు.

పోయినేడాది ఒక దినం సుజాత చేనికి పోయినప్పుడు తెల్ల చొక్కాలోళ్లు ఇద్దరు వచ్చినారు.

"అవ్వా, సుజాత ఇల్లు ఇదేనా? పాపకు వయసెంత?"

"పద్దెనిమిది."

"కులమేమి?"

నాకు మండింది. అయినా చెప్పినా.

"ఒక ఫోటో ఇస్తే తీసుకపోతాం."

వయసు, కులం, ఫోటో! ఇంకేం కావాలప్పా? పొడిచే పొట్టేలు మాదిరి లేచినా.

"పాపకు పెండ్లి కుదిరిపోయింది. పోండి!"

"అయ్యో!" అని ఒకాయన జాబితాలో పేరు కొట్టేసినాడు. అరుగు మీద ఒక కాగితం పెట్టి పోయినారు.

తీరిగ్గా కూడబలుక్కుని చదివినా. డి... గ్రీ... క... ళా... శా... ల. వచ్చినోళ్లు కాలేజీ సార్లు! అంతలో సుజాత వచ్చింది.

"అవ్వా, నీకు చెప్పడం మర్చిపోయినా. కాలేజీ సార్లకు నా పేరు ఇచ్చింటి. హాస్టల్ సీటుకు రాసుకునేది ఈపొద్దే ఆఖరు. వచ్చినారా?"

"వచ్చినారు. నీకు పెండ్లి చేసి పంపించినా."

"ఎవరితో?"

"అది వాళ్లు అడగల్యా."

అది ఏడుపు అందుకోకముందే ఉరికినా. బస్టాండు కాడ టీ అంగట్లో దొరికినారు.

"సారూ! పెండ్లి చెడిపోయింది! పాపను మీరే తీసుకపోండి!"

అంగట్లో టీ గ్లాసులన్నీ నోటికాడికి పోకుండా ఆగిపోయినాయి.

"ఏమవ్వా, పెండ్లి చెడిపోతే ఇంత సంతోషమా?"

"కుదిరింటే కదా చెడేది! మీరు కులం ఎందుకడిగితిరి మరి?"

"స్కాలర్‌షిప్పుకవ్వా!"

కొట్టేసిన పేరు మళ్లీ రాసినాడు. ఒక్కో అక్షరం పడేదాకా పక్కనే నిలబడి చూసుకున్నా.

సుజాత అనంతపురం హాస్టల్‌కు పోయింది. పెండ్లి చెడిన మాట నాలుగూళ్లు పాకి, సంబంధాలోళ్లు మా గడప తొక్కడం మానేసినారు. మంచిదే. కానీ ఇంట్లో చెంబు కింద పెడితే ఆ చప్పుడే పెద్దగా వినపడతాండాది. పేపరు పైకి చదువుతా, తప్పు చదివితే దిద్దేవాళ్లు లేరు.

కాబట్టి మీ అందరి ఎదుట ఒట్టు పెడతాండా. ఇకమీద గడపకొచ్చినోళ్లను ఎవరని అడగకుండా, నీళ్లియ్యకుండా పంపను. దారి తప్పి వచ్చినోళ్లయినా సరే, టీ పెట్టి కూర్చోబెడతా.

రాండప్పా, ఎవరన్నా.