రాతి ఏనుగు దిగిన పూట

నా చిన్నప్పుడు మా ఆళ్లగడ్డలో యుద్ధమంటే రేడియోలోంచి వచ్చేది. తూర్పున బంగ్లాదేశ్ కోసం మన సైన్యం పోరాడి గెలిచిన ఏడాది అది. ఆ మరుసటి వేసవిలో యుద్ధానికి వెళ్ళిన మా చిన్న మామ సెలవు మీద ఇంటికొచ్చాడు. అమ్మకు తమ్ముడు. నంద్యాలలో రైలు దిగి, బస్సెక్కి వచ్చినవాణ్ణి చూడటానికి వీధి వీధంతా మా అరుగు ముందు చేరింది. నేనప్పుడు పదేళ్ళ ఆడపిల్లని. మామ టోపీ పెట్టుకుని తిరిగే హక్కు నాదే కాబట్టి మా వీధి పిల్లలకు సేనాపతిని కూడా నేనే అయ్యాను.

మా వెనక వీధిలో శిల్పులుండేవాళ్ళు. పొద్దున లేస్తే ఉలి చప్పుడే. వాళ్ళ పెరట్లో ఒక రాతి ఏనుగు ఉండేది. చెక్కుతుండగా చెవి దగ్గర పగులు కనబడిందని సగంలో వదిలేశారట. ఆ వీధి చిన్నపిల్లలకు అదే గుర్రం, అదే బస్సు, అదే మహానంది తిరునాళ్ళకు పోయే బండి. అందరూ దాని మీదెక్కి ఊరూరా తిరిగొచ్చేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ వీధి నుంచి రెండు జడల పిల్ల ఏడుస్తూ మా అరుగు దగ్గరికి వచ్చింది. బజారు వీధి పెద్ద పిల్లలు నలుగురు వచ్చి చిన్నోళ్ళను దింపేసి ఏనుగు మీద కూర్చున్నారట. నా రక్తం ఉడికిపోయి నా దండును కేకేశాను. మామ శనక్కాయలు ఒలుచుకుంటూ అంతా విని, "ఆ పిల్ల పిలిస్తే పోతాండావా, నీకే పోబుద్ధయి పోతాండావా?" అని అడిగాడు. పిలిచిందన్నాను. "అయితే పోండి. ఎవరికీ దెబ్బ తగలకూడదు," అన్నాడు.

రాళ్ళు చెక్కే చోట తెల్లటి రాతిపొడి కుప్పలుగా ఉంటుంది. ఆ పొడిని బిందెల్లో నీళ్ళతో కలిపి, గోడ చాటు నుంచి ఒక్కసారిగా కుమ్మరించాం. నలుగురూ నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లబడి, కళ్ళు మాత్రం మిటకరిస్తూ నిలబడిపోయారు. ఆ ఇంటి శిల్పి తాత ఉలి పక్కన పెట్టి, "పొద్దున్నుంచి చెక్కితే నాకు ఒక బొమ్మ కాలే. మీరు రెప్పపాటులో నలుగుర్ని చేస్తిరి గదరా!" అని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఆ నవ్వుకి తట్టుకోలేక బజారు వీధి వాళ్ళు పరుగో పరుగు.

చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు తన జేబులోని బెల్లం ముక్క నా చేతిలో పెట్టాడు. మేము ఏనుగెక్కాం. ఎంత బాగుందో చెప్పలేను. దిగాలని ఎవరికీ తోచలేదు. మరోసారి తిరిగొద్దాం, మరోసారి అంటూ అలాగే ఉండిపోయాం. చప్పట్లు ఎప్పుడు ఆగాయో మాకు తెలియలేదు.

అప్పుడొచ్చాడు మామ. నేరుగా వెళ్ళి రెండు జడల పిల్ల దగ్గర గొంతుక్కూర్చుని, "మీ ఏనుగు మీకొచ్చిందా పాపా?" అనడిగాడు. ఆ పిల్ల మా వైపు చూసి మెల్లగా, "మంచోళ్ళే వీళ్ళు. ఎప్పుడు పోతారు?" అంది.

మామ ఒక్క ఉదుటున లేచి పెద్ద గొంతుతో, "దండూ! దిగు! ఎనక్కి తిరుగు! నడువ్!" అన్నాడు. ఆ గొంతుకి మా కాళ్ళు వాటంతటవే కిందికొచ్చాయి. వరసగా కవాతు చేసుకుంటూ బయటపడ్డాం. వీధి మలుపు తిరిగాక నేను ఆగలేక అడిగేశాను.

"మనమే గెలిస్తిమి గదా మామా, దిగేదేందీ?"

"ఆడ మేమూ గెలిస్తిమి పాపా. మొదటి దినం పూలేసిరి, కౌగిలించుకునిరి. ఇంగా కొన్నాళ్ళుంటే ఆ పూలే ఉండవు. మొదట పూలు, తర్వాత మొహమాటం, ఆమీద మూసిన తలుపు. అందుకే తొందరగా వచ్చేస్తిమి. వస్తాంటే దావ పొడుగునా జనం చేతులూపిరి."

అప్పట్లో రేడియోలో రోజూ వచ్చే ఇంకో యుద్ధం గుర్తొచ్చి, మరి వియత్నాంలో అమెరికా వాళ్ళో అన్నాను.

"వాళ్ళూ సాయానికే వచ్చినామంటాండారు. ఏండ్లు గడిచిపాయె, ఇంగా ఆడనే ఉండారు. ఆ సిపాయిలు చెడ్డోళ్ళని కాదు, నాలాంటోళ్ళే. పంపినోళ్ళకు దిగొచ్చే దావ తెలీల్యా."

మర్నాడు నేను పళ్ళు తోముకుంటుండగానే శిల్పుల వీధి పిల్లలంతా మా వాకిట్లో ఉన్నారు. రెండు జడల పిల్ల నా చెయ్యి పట్టుకుని, "రాక్కా, ముందర నువ్వే కూసోవాల," అంటూ లాక్కుపోయింది. ఆ వేసవంతా ఆ ఏనుగు మీద మేము పోని ఊరు లేదు.

తర్వాత చాలా ఏళ్ళకు మన సైన్యం శాంతి నిలపడానికని సముద్రం దాటి లంకకు వెళ్ళింది. అప్పటికి మామ పింఛను తీసుకుంటూ పాణ్యంలో సేద్యం చేసుకుంటున్నాడు. ఆ వార్తలు ఏమంత బాగా లేవు. పిలిచినవాళ్ళే పొమ్మన్నారు. మన వాళ్ళు కదా అని నేనేదో సర్దిచెప్పబోతే మామ ఒప్పుకోలేదు. "మనకొక తక్కెడ, వాళ్ళకొక తక్కెడ ఉండదు పాపా," అన్నాడు.

ఇప్పుడు టీవీలో ఏదో ఒక దేశం సైన్యం ఇంకో దేశంలో దిగినప్పుడల్లా మా మనవరాలు నన్నడుగుతుంది, వీళ్ళు మంచివాళ్ళా జేజీ అని. దేశం మంచిపేరు తనకు తానే చెప్పుకుంటే నిలవదని, సైన్యం వెళ్ళిపోయాక ఆ ఊరి పిల్లలు చెప్పుకుంటేనే నిలుస్తుందని నేను చెబుతాను. నా మట్టుకు నేను సాయానికని ఎవరింటికి వెళ్ళినా, ఇంకో నాలుగు రోజులుండమని వాళ్ళు కొంగు పట్టుకుని లాగుతున్నప్పుడే, నవ్వుతూ చెప్పులు వేసుకుంటాను.