పేరు లేని కీర్తనకు నేను పెట్టిన పేరు

1979 జూన్‌లో నన్ను ఎల్లారెడ్డి సర్కిల్‌కు ఉపదేశిగా వేశారు. చర్చి కొలువులో ఉపదేశిది అట్టడుగు మెట్టు. పైన అయ్యగారు, అంటే పాస్టరు, ఆయన పైన సూపరింటెండెంటు. ఉపదేశి ప్రసంగం చేయకూడదు. చదువు రాని కూలి కుటుంబాలకు బైబిలులోని కీర్తనలు కంఠస్థం చేయించాలి, అంతే. ఎనిమిది ఊళ్లు, ఒక సైకిలు. అది నన్ను మోసినదానికంటే నేను దాన్ని మోసిందే ఎక్కువ.

నేనొక వరుస చదివితే వాళ్లు తిరిగి చెప్పేవారు. పైనుండే "దావీదు కీర్తన" అన్న శీర్షికను కూడా మొదటి వరుసగా కలిపే నేర్చుకునేవారు. రాసినవాడి పేరు తలవకుండా మొదలుపెట్టడం వాళ్ల దృష్టిలో మర్యాద కాదు.

ఆ వానాకాలం పిట్లం వైపు ఒక పల్లెలో, దారితప్పినవాళ్లు నలుదిక్కుల నుండి ఇల్లు చేరడం గురించిన కీర్తన ఎత్తుకున్నాను. దానికి శీర్షిక లేదు. సాయిలు అనే ముసలి కూలి ఆపాడు.

"ఎవలు రాసిండ్రు సారూ? పేరే లేకుంటే యాడికెళ్లి మొదలుపెట్టాలె?"

ఆ రోజుకు అది మూడో ఊరు. ఒళ్లు పులిసిపోయి ఉంది. "దావీదే" అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కథలు అల్లడం నాకు చిన్ననాటి జబ్బు. తన మీద చెయ్యెత్తిన కొడుకును వెళ్లగొట్టిన ఆ దావీదు రాజు, చివరికి తానే తలుపు తీసి, వాడు అన్నం తింటుంటే పక్కన కూర్చుని ఇది రాశాడన్నాను. కొడుకు ఏడు ముద్దలు తిన్నాడని కూడా చెప్పాను.

సాయిలు కొడుకు పొలం గొడవలో తండ్రిని కొట్టి, రెండేళ్లుగా బీబీపేటలో ఉంటున్నాడని అప్పటికి నాకు తెలియదు. మరుసటి నెల వెళ్లేసరికి కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్నారు.

"రాజే తలుపు తీసిండు. నేనేమన్న రాజు కన్న పెద్దోన్నా?" అన్నాడు సాయిలు.

నిజం అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

ఏటా కోతలయ్యాక తనిఖీ ఉండేది. ఒక్కొక్కరూ కీర్తన అప్పజెప్పి, భావం చెప్పాలి. కామారెడ్డి నుండి వచ్చిన సూపరింటెండెంటు ముందు సాయిలు లేచి, నా కథంతా ముద్దల లెక్కతో సహా అప్పజెప్పాడు.

ఆయన కోప్పడలేదు. హీబ్రూ మూలంలో దీనికి ఏ పేరూ లేదని, పరదేశపు చెర నుండి తిరిగొచ్చిన జనం పాడుకున్నదని కొందరు పండితుల ఊహ అని, రాసిందెవరో తెలియదని చెప్పారు.

సాయిలు నా వైపు తిరిగాడు. "గట్లయితే నేను ఎవలి మాట మీద తలుపు తీసిన సారూ?"

"నా మాట మీద. అది పుస్తకంలో లేదు" అన్నాను.

గోడవార నిలబడి ఉన్న కొడుకు చెప్పులు వేసుకోబోయాడు.

"యాడికి పోతవ్‌రా? కూసో. వడ్ల బస్తాలు ఎవలు మోస్తరు, ఈ సారు మోస్తడా?" అన్నాడు సాయిలు. తర్వాత నాతో, "కొడుకు ఉంటడు. నీ కథలు మాత్రం మా ఇంట్లకు తేకు" అన్నాడు.

సూపరింటెండెంటు రిజిస్టరులో నా పేరు ఎదుట ఒక వాక్యం రాశారు. అయ్యగారు అయ్యేందుకు ఇచ్చే శిక్షణకు నన్ను పంపడం రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ శిక్ష సబబే. తెలియనిది తెలియదని చెప్పడం కూడా ఉపదేశి పనే. అలసట అందుకు మినహాయింపు కాదు.