గోడెక్కిన అలుకు

2022 వేసవి. పెన్‌పహాడ్ దగ్గర ఒక పాటిగడ్డ మీద తవ్వకాలు జరుగుతున్నాయి. పాటిగడ్డ అంటే ఎప్పుడో ఊరు ఉండి, కూలిపోయి, మట్టిదిబ్బగా మిగిలిన చోటు. ఆ మట్టికి బలమెక్కువని మా వైపు రైతులు ట్రాక్టర్లతో తోలి చెలకల్లో పోసుకుంటారు. అలా ఎన్ని పాత ఊళ్లు పత్తి చేలల్లో కలిసిపోయాయో ఎవరికీ తెలియదు. ఆ గడ్డ మీద నేను ట్రైనీ ఆర్కియాలజిస్టును. వయసు నలభై ఆరు.

నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకు అలవాటే. అంతకుముందు మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం శాంపిల్ చూసే పని ఏళ్ల తరబడి చేశాను. పిల్లలు ఎదిగాక దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత ఆర్కియాలజీలో ఎమ్మే పూర్తి చేశాను. సూర్యాపేటలో ఒక పెళ్లిలో మా ఆడబిడ్డ అందరి ముందూ అననే అన్నది: "మట్టి తవ్వనీకి ఎమ్మే ఎందుకు వదినా? జాబ్ కార్డు తీసుకుంటే ఉపాధి హామీల తవ్వొచ్చు గదా!"

"గాడ తవ్వి అవతల పోస్తరు. మేం తవ్వి సూస్తం" అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువే.

ఆ భూమి నర్సిరెడ్డి అనే రైతుది. తొలకరి పడేలోపు మా పని ముగించి అప్పగిస్తే ఆయన ఆ మట్టి తోలుకుని, చదును చేసి పత్తి పెట్టుకుంటాడు. అదీ ఒప్పందం. మొదటిరోజు నన్ను చూసి, "ఏ ఊరి కూలోళ్లమ్మా?" అంటూ చేతికి గంప ఇచ్చాడు. గంప పక్కన పెట్టి మెడలో ఐడీ కార్డు చూపించాను. పాపం, నొచ్చుకున్నాడు. అప్పటి నుంచి "చెల్లె" అని పిలవడం మొదలుపెట్టాడు.

మా ట్రెంచ్‌కు సూపర్‌వైజర్ కిరణ్. ట్రెంచ్ అంటే కొలత పెట్టి చదరంగా తవ్వే గుంత. కిరణ్‌ది కోదాడ. నా పెద్దకొడుకు కన్నా నాలుగైదేళ్లు పెద్ద, అంతే. పని తెలిసినవాడే, కాదనను. కానీ నన్ను "ఆంటీ" అనేవాడు. "ట్రెంచ్‌ల ఆంటీ ఏంది బాబూ? నీతోటి పనిచేసేదాన్ని. పద్మ గారు అను" అని ఒకరోజు గట్టిగానే చెప్పాను. "సరేనండి, పద్మ గారు ఆంటీ" అన్నాడు. ఏం చేస్తాం!

మే ఆఖరి వారంలో రెండు మీటర్ల లోతుకు చేరాం. కుండపెంకులు రావడం ఆగిపోయింది. గట్టిగా, పలచటి పొరలు పొరలుగా ఉన్న మట్టి తగిలింది. కిరణ్ దాన్ని చూసి, "ఇక న్యాచురల్ సాయిలేనండి. పాత చెరువు ఒండ్రు" అన్నాడు. న్యాచురల్ సాయిల్ అంటే మనిషి చెయ్యి పడని మట్టి. అది వచ్చిందంటే తవ్వకం ముగిసినట్టే. డైరెక్టర్ గారికి ఫోన్ చేశాడు, ఆయన సరేనన్నారు. ట్రాక్టర్లు గుంతలో పడకుండా మర్నాడు ట్రెంచ్ పూడ్చాలి. ఆ మర్నాడు నర్సిరెడ్డి ట్రాక్టర్లు వస్తాయి.

ఆ సాయంత్రం ఆఖరిసారి సెక్షన్ శుభ్రం చేసే పని నాకు పడింది. ట్రెంచ్ నిలువు గోడను సెక్షన్ అంటారు. ఏ పొర మీద ఏ పొర ఉందో అందులోనే తెలుస్తుంది. చిన్న తాపీ లాంటి ట్రోవెల్‌తో గీకుతూ తూర్పు మూలకు వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. గోరు మందం పొరలు, ఒకదాని మీద ఒకటి. అన్నీ సాఫీగా వచ్చి, మూల దగ్గర పైకి వంగుతున్నాయి.

పన్నెండేళ్లప్పుడు మా అమ్మ నా చేతికి అలుకుగుడ్డ ఇచ్చింది. తుంగతుర్తి దగ్గర మా ఇంట్లో, ఆ తర్వాత అత్తగారి పెంకుటింట్లో, మొన్నమొన్నటి దాకా మట్టీ పేడా కలిపి నేల అలికినదాన్ని. ఇది చెరువు ఒండ్రు ఎట్లా అవుతుంది?

"కిరణ్ బాబూ, ఇది ఇంటి నేల. అలికిన నేల" అన్నాను.

"కాదండి. చెరువు పొంగిన ప్రతిసారీ ఒండ్రు ఇలాగే పొరలుగా పేరుకుంటుంది. పుస్తకంలో ఫొటోలు కూడా ఉన్నాయి, చూపిస్తాను."

"పుస్తకం నేనూ సదివిన. నీళ్లు గోడెక్కుతయా? సూడు, పొరలు పైకి లేసినయ్. ఆడ గోడ ఉండె. ఇంకో అర మీటరు తూర్పుకు తవ్వు, దొరుకుతది."

"డైరెక్టర్ గారు ఓకే అనేశారండి. వారం బట్టి నర్సిరెడ్డి గారు అడుగుతూనే ఉన్నారు. మీరు కొత్త కదా, మొదట్లో అందరికీ అన్నీ ఇళ్లలాగే కనిపిస్తాయి."

ఆ "కొత్త" అన్న మాట దగ్గర నాకు మండింది. కోపంతో పాటు భయమూ వేసింది, అబద్ధం ఎందుకు? నేనే తప్పయితే? ఎమ్మే చదివిన ముసలామె చెరువు బురదను ఇల్లనుకుందని అన్ని సైట్లలో చెప్పుకుంటారు. మరో తవ్వకానికి ఎవరూ పిలవరు. నిజమే అయితే, రెండు రోజుల్లో ఆ ఇల్లు ట్రాక్టర్‌లో ఎక్కి వెళ్లిపోతుంది. అడగడానికి కూడా ఏమీ మిగలదు.

పొద్దున కూలీలు గంపలెత్తారు. నేను నిచ్చెన దిగి, తూర్పు మూలలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"పోయండి. నా మీదనే పోయండి" అన్నాను.

గంపలు పైనే ఆగిపోయాయి. కిరణ్ ముఖం ఎర్రబడింది. "ఇదేం పద్ధతండి? ఇది డిసిప్లిన్ కాదు!" అన్నాడు. "కాదు. డైరెక్టర్ సార్‌కు అదే చెప్పు. వచ్చి సూసినంక పొమ్మంటే పోత" అన్నాను.

పదకొండింటికి డైరెక్టర్ గారు సూర్యాపేట నుంచి వచ్చారు. ఆయన వెనకే సంగతి విని నర్సిరెడ్డీ వచ్చాడు, చిరాకుగా. సార్ లోపలికి దిగి, మూలను చాలాసేపు చూసి, "పొరలు వంగడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు పద్మ గారూ. నేల కుంగినా వంగుతాయి" అన్నారు. కాదని తేల్చేశారేమో అనుకున్నాను.

తల ఎత్తి నర్సిరెడ్డిని అడిగాను. "అన్నా, మీ అమ్మ ఇల్లు అలికేటప్పుడు గోడ కాడ ఏం చేస్తుండె?"

అడిగాక గానీ నాకు తట్టలేదు, ఎంత తెలివితక్కువ పని చేశానో! నేల అని తేలితే నష్టపోయేది ఆయనే. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"గోడకు జానెడు ఎక్కిస్తుండె" అన్నాడు. "సందు ఉంటే చీమలు పుట్ట పెడ్తయని. ఎక్కియ్యకుంటే తిడుతుండె మా అక్కలను." మళ్లీ వంగి సెక్షన్ వంక చూశాడు. "గిది గట్లనే ఉన్నది సారూ. నా పత్తి ఆలస్యమైతది గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గదా."

డైరెక్టర్ గారు పది రోజులు ఇచ్చారు. పడమటి సగం నర్సిరెడ్డికి వదిలేసి, తూర్పుకు తవ్వాం. మూడోరోజు మట్టిగోడ మొదలు బయటపడింది. దాని పక్కనే మసిబారిన మూడు రాళ్లు, పొయ్యి. పొరలన్నీ జానెడు ఎత్తు వరకూ ఆ గోడను పట్టుకునే ఉన్నాయి. అంతకుముందున్న పొగరు ఏమైందో గానీ, వాటిని చూసి ట్రెంచ్‌లోనే ఏడ్చాను. నా లాంటిదే ఒకామె, మోకాళ్ల మీద కూర్చుని, ఎన్నిసార్లు అలికిందో ఆ ఇల్లు!

ఆఖరిరోజు కిరణ్ సైట్ నోట్‌బుక్ రాస్తున్నాడు. ఏ రోజు ఏం కనిపించిందో, ఎవరు గుర్తించారో రాసే పుస్తకం అది. తొంగి చూశాను. "స్థానిక మహిళల సమాచారం ప్రకారం అలికిన నేల" అని ఉంది.

"కొట్టెయ్" అన్నాను. "ఇది ఎవరో చెప్పంగ విన్నది కాదు. సెక్షన్ల సూసి గుర్తుపట్టింది. సూసినామె పేరు రాయి."

కొట్టేసి నా పేరు రాశాడు. ఈసారి ఆంటీ అనలేదు. పేరు పక్కన అర్హత, అనుభవం అని రెండు గళ్లు ఉన్నాయి. అర్హత దగ్గర ఎమ్మే అని రాసి, అనుభవం దగ్గర "మూడు నెలలు" అని రాయబోయాడు. పెన్ను తీసుకున్నాను.

ఆలస్యంగా వచ్చానని అప్పటిదాకా నేనూ లోలోపల సిగ్గుపడుతూనే ఉన్నాను. ఆ మూల చూశాక ఆ సిగ్గు పోయింది. ఈ పని నేను నలభై ఆరో ఏట మొదలుపెట్టలేదు. ఆ గడిలో "ముప్పై ఏళ్లు" అని రాసి, పెన్ను అతని చేతికిచ్చాను.