తొమ్మిదో పదం దగ్గర

1999లో మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పనిచేసేదాన్ని. ప్రోగ్రామ్‌లో తప్పులు వెతకడం టెస్టర్ పని. అప్పట్లో మేము పదో తరగతి పిల్లల కోసం లెక్కల సీడీ తయారుచేస్తున్నాం. అంకశ్రేఢి, అంటే ఒకే తేడాతో పెరిగే సంఖ్యల వరుస, ఆ అధ్యాయం నా వంతుకు వచ్చింది. శ్రేఢిలోని పదాలన్నిటినీ కంప్యూటర్ గుణించి, పిల్లలు రాసిన జవాబుతో సరిచూడాలి. నాలుగైదు పదాలతో చాలాసార్లు పరీక్షించాను. ప్రతిసారీ జవాబు సరిపోయింది. బాగుందని సంతకం పెట్టేశాను.

వాడి చూడమని ఆ సీడీని లింగంపల్లిలోని ఒక బడికి ఇచ్చాం. రెండు వారాలకు అక్కడి లెక్కల టీచరు సుజాత గారు ఒక నోట్‌బుక్ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు.

"మా రేణుక మూడు, ఏడు, పదకొండు... గిట్ల ముప్పై అయిదు దాంక తొమ్మిది పదాలు గుణించింది మేడం. నాలుగు వేల కోట్లు దాటింది. మీ కంప్యూటరేమో నూట నలభై కోట్లే అన్నది. నేను కంప్యూటర్నే నమ్మిన. అందరి ముంగట పిల్లను తిట్టిన. ఏడ్సుకుంట గూడ ఒక్కటే మాట. 'మూడుతోటి గుణించినం గద, మూడుతోటి భాగిస్తె శేషం మిగలొద్దు. కంప్యూటర్‌ది మిగులుతున్నది' అని."

అదే లెక్క నా కంప్యూటర్‌లో వేసి చూశాను. తెర మీది జవాబు 1408962515. అందులోని అంకెలన్నీ కలిపాను. నలభై ఒకటి. మూడుతో భాగిస్తే శేషం మిగులుతుంది. ఆ పిల్ల చెప్పిందే నిజం.

మా ప్రోగ్రామ్‌లో సంఖ్యను దాచే చోట సుమారు రెండు వందల పద్నాలుగు కోట్ల వరకే పడుతుంది. అంతకు మించితే పై భాగం పోయి, మిగిలిందే జవాబుగా కనిపిస్తుంది. దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. ఎనిమిది పదాల దాకా లబ్ధం అందులో పట్టింది. తొమ్మిదో పదం దగ్గర పొంగిపోయింది.

"తప్పు నాదండి. పెద్ద సంఖ్యలు పెట్టి చూడలేదు," అన్నాను.

"గా మాట మా పిల్లకు చెప్తరా?"

మర్నాడు వాళ్ళ తరగతికి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. రేణుక లేచి నిలబడింది.

"తప్పు చేస్తున్నట్టు కంప్యూటర్‌కు తెల్వదా మేడం?"

"తెలియదమ్మా. కనిపెట్టాల్సింది నేను. సరిగా చూడకుండానే సరే అన్నాను."

సుజాత గారు ఆమె దగ్గరికి వెళ్ళారు. "నేను గూడ నీ లెక్క చూడకుండనే తిట్టిన బిడ్డా," అన్నారు. ఆ పిల్ల తలూపి, కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్‌నైనా అది తప్పు చెప్పేదాకా సంఖ్యలు పెంచుతూ పరీక్షించడం అలవాటు చేసుకున్నాను. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి. తెర మీది జవాబు తప్పని ఎవరైనా అంటే, దాన్ని సమర్థించడం మానేశాను. మీకు ఎంత వచ్చింది, ఎలా వచ్చింది అని ముందు అడుగుతాను.