ఆవిరి అద్దం మీద బేస్‌బాల్

గోరంతను కొండంత చేయడం నా అలవాటు, ముందే ఒప్పుకుంటున్నాను.

అమెరికాలో, ట్రాయ్ ఊరికి వెళ్లే బస్సులో పక్క సీటు తెలుగు పెద్దాయనతో నా గోడు చెప్పుకున్నాను. ఉద్యోగం పోయింది, త్వరగా ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి.

ఆయన అద్దానికి పట్టిన ఆవిరి మీద, మూలపై నిలబెట్టిన చదరం గీశాడు.

"బేస్‌బాల్ గ్రౌండ్. ఈ మూలలే బేస్‌లు. పరిగెత్తేవాడు వాటి మీద ఉంటేనే సేఫ్ బాబూ. పూర్వం మధ్యలో దొరికినవాణ్ణి బంతితో కొట్టి ఔట్ చేసేవాళ్లు. ఇప్పుడు బంతితో ముట్టుకుంటే చాలు."

"నన్ను ముట్టుకోను కూడా లేదంకుల్. మెయిల్ పంపారు."

"గేమ్ ఇంప్రూవ్ అయింది!"

ఆయన నవ్విన నవ్వుకి బస్సు పక్క లేన్‌లోకి జరిగింది. రెండు బేస్‌ల మధ్య చుక్క పెట్టి, "ఇది నువ్వు" అని, బొటనవేలితో తుడిచేశాడు. దిగుతూ నా భుజం తట్టాడు.

బస్సు జరగడం నిజమే. భుజం తట్టడమే నా కల్పన.