అమ్మ మింగిన ముద్ద

క్రిస్మస్ సెలవుల్లో అమ్మకు కొల్లేరు చూపించడానికి తీసుకెళ్ళాను. తాడేపల్లిగూడెంలో అరవై ఏళ్ళు బతికినా ఆవిడ ఆ సరస్సు పక్షులను ఎప్పుడూ చూడలేదు. ఏడో తరగతితో బడి మానేసిన నేను, మా శాఖా గ్రంథాలయంలో ఇరవై ఏళ్ళుగా చదివినదంతా ఆ గట్టు మీద విప్పేశాను. గూడబాతు ముక్కు కింద ఆ సంచి ఎందుకో, ఎర్రకాళ్ళ కొంగలు ఎక్కడెక్కడ తిరిగి వస్తాయో చెబుతుంటే అమ్మ ప్రతిదానికీ తలూపుతూ వింది. పక్కవాళ్ళు కూడా వింటున్నారని గమనించి గొంతు కాస్త పెంచాను.

మధ్యాహ్నం పడవల రేవు ఎదుట వరసగా ఉన్న చేపల హోటళ్ళలో ఒకదానిలో కూర్చున్నాం. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, బయట దారి పొడవునా కార్లు. మసాలా పట్టించిన చేపలు ముందరే పళ్ళేల్లో పేర్చి ఉంటాయి. వేలు పెట్టి చూపిస్తే పెనం మీద వేస్తారు. అమ్మ బొచ్చె పులుసు చాలంది. శీలావతి వేపుడు నేనే చెప్పాను. ముళ్ళెక్కువ కదే అంది. గోదావరి జిల్లాలో పుట్టి ముళ్ళకు భయపడతావా అన్నాను.

కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తినడం మొదలుపెట్టింది. మూడో ముక్క దగ్గర నవ్వుతూ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. చెయ్యి గొంతు మీదకు వెళ్ళింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెనం దగ్గరున్న హోటలావిడ అట్లకాడ వదిలేసి వచ్చింది.

"కంగారుపడకండి. నమలకుండా అన్నం ముద్ద మింగించండి, జారిపోద్ది."

పక్క బల్లాయన తన సంచిలోంచి అరటిపండు తీసిచ్చాడు. మా వైపు ఏ ఇంట్లోనైనా ఇదే వైద్యం. హోటలావిడ మాట పూర్తయ్యేసరికే నా చెయ్యి ముద్ద కట్టేసింది. అమ్మ అడ్డంగా తలూపింది. నొప్పికి అనుకున్నాను. మళ్ళీ ఊపి, నా మణికట్టు పట్టుకుంది.

"మింగమ్మా, నేను చెబుతున్నాగా."

నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి నోరు తెరిచింది. మింగింది. ముల్లు కదల్లేదు. ఇంకా పెద్ద ముద్ద పెట్టాను. అదీ మింగి, వంగి ఉమ్మింది. ఉమ్మిలో రక్తం.

ఆటోలో ఏలూరు బయలుదేరాం. చెరువు గట్ల మధ్య దారిలో కుదుపు వచ్చినప్పుడల్లా అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంటోంది. సగం దారిలో నాకు ఒక పేజీ గుర్తొచ్చింది. ఇంట్లో చేసుకునే ప్రథమ చికిత్స గురించి గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం. గొంతులో ముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్దలు మింగించకూడదని, ముల్లు ఇంకా లోపలికి దిగుతుందని అందులో ఉంది. అమ్మకు చదవడం రాదు. ఆ పేజీ ఆవిడకు చదివి వినిపించింది నేనే. ఇన్నాళ్ళూ తప్పే చేశామన్నమాట అంటూ ఆవిడ రెండోసారి చదివించుకుంది కూడా. ఇరుగుపొరుగు అందరికీ గొప్పగా చెప్పిందీ నేనే.

అమ్మ తల ఎందుకు అడ్డంగా ఊపిందో అప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో మత్తిచ్చి గొట్టం వేసి ముల్లు తీశారు. దూది మీద పెట్టి చూపించారు, సూదంత ఉంది. అది గొంతు పైభాగంలో ఉన్నప్పుడే వచ్చి ఉంటే కుర్చీలో కూర్చోబెట్టి తీసేసేవాడినని డాక్టరు గారు అన్నారు. ఇంకాస్త దిగి అన్నవాహిక చీలి ఉంటే అంటూ మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశారు. తరవాత, ముద్దలు ఎవరు పెట్టారని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి బొంగురు గొంతు వినిపించింది.

"నేనే మింగానండీ."

ఆయన వెళ్ళాక మంచం అంచున కూర్చున్నాను. ఆ పేజీ నీకు గుర్తుందా అని అడిగాను. ఉందన్నట్టు కళ్ళతో చెప్పింది.

"మరి తెలిసీ ఎందుకు మింగావమ్మా?"

చాలాసేపు గుటక వేయడానికి కష్టపడి, ఒక్కొక్క మాటే అంది.

"చదువుకున్నదానివి కదే. దానికంటే పెద్ద పుస్తకంలో ఇంకోలా రాసుందేమో, చూసే పెడుతున్నావనుకున్నాను."